అర్జీ రాయలేని బడి

(ధర్మనిధి ఉపన్యాసం, ముద్రిత పాఠం)

ఈ ఉపన్యాసం వడ్డీ మీద నడుస్తోంది. బడే లోకంగా బతికిన ఒక ప్రధానోపాధ్యాయుని పేర ఆయన శిష్యులు కొంత సొమ్ము పోగుచేసి బ్యాంకులో వేశారు. అసలు ముట్టుకోరు. ఏడాదికోసారి వచ్చే వడ్డీతో సభ జరుగుతుంది, ఉపన్యాసం అచ్చవుతుంది. సర్కారు బడికి ఇలాంటి నిధి ఉండదు. దానికి ఏ ఏటి సొమ్ము ఆ ఏడే రావాలి. ఎవరో ఇవ్వాలి, అంతకు ముందు ఎవరో అడగాలి. బడి తరఫున ఆ అడిగేవాళ్లెవరు, ఎలా అడుగుతున్నారు, అడగలేని బడుల గతి ఏమిటి అన్నదే ఇక్కడి విషయం.

బడులకు డబ్బు లేదన్న మాట సగమే నిజం. సమగ్ర శిక్ష పథకం కింద ఏటా వచ్చే గ్రాంటు ఉంది. సైన్సుకు, ఆటలకు, పుస్తకాలకు వేర్వేరు పద్దులున్నాయి. కంపెనీల సామాజిక బాధ్యత నిధులున్నాయి, గనుల జిల్లాల్లో ఖనిజ నిధి ఉంది, ఎంపీ నిధులున్నాయి, అమెరికాలో స్థిరపడ్డ పూర్వ విద్యార్థులున్నారు. అయితే వీటిలో చాలా సొమ్ము అడిగిన బడికే వస్తుంది. అడగడమంటే ఫారం నింపడం, అంచనా వేయడం, కొటేషన్లు తేవడం, తీర్మానం రాయడం, ఖర్చయ్యాక లెక్క చెప్పడం. నలుగురు టీచర్లూ ఒక కంప్యూటరూ ఉన్న ఉన్నత పాఠశాల ఈ పని ఎలాగో చేసుకుంటుంది. ఐదు తరగతులకు ఒకే ఉపాధ్యాయుడు ఉన్న తండా బడికి ఆ తీరిక ఎక్కడిది? పొద్దున హాజరు యాప్‌లో ఎక్కించి, మధ్యాహ్న భోజనం దగ్గర నిలబడి, మధ్యలో ఒకటో తరగతికి అక్షరాలు, ఐదో తరగతికి భిన్నాలు చెప్పే మనిషిని రాత్రి ఇంటికెళ్లి పది పేజీల ప్రతిపాదన రాయమనడం అన్యాయం. అవసరం ఎక్కువున్న బడికే అడిగే శక్తి తక్కువ. గ్రాంట్ల గురించి ఎన్ని మాట్లాడినా చివరికి ఈ ముడి దగ్గరికే రావాలి.

ఈ ముడి ఈనాటిది కాదు.

కడపలో 1821లో సి.పి. బ్రౌన్ రెండు ఉచిత పాఠశాలలు తెరిచాడు. తర్వాత మచిలీపట్నంలోనూ తెరిచాడు. సొంత జీతంలోంచి ఖర్చు పెట్టి నడిపిన బడులవి. తెలుగుకు ఆయన చేసిన మేలు అందరికీ తెలుసు. కానీ ఆ బడుల పద్ధతిలో ఒక బలహీనత ఉంది. ఇచ్చే మనిషికి బదిలీ అయితేనో, చేయి ఆడకపోతేనో పిల్లలకు చదువు ఆగిపోతుంది. దాతను చూసి బడి పెట్టడం వేరు, దాత మారినా నిలిచే బడిని కట్టడం వేరు.

రెండో దారి 1854లో వచ్చింది. పాఠ్యపుస్తకాల్లో ఉడ్స్ డెస్పాచ్ పేరుతో చదివే ఆ పత్రం, ప్రైవేటు పాఠశాలలకు ప్రభుత్వం గ్రాంటు ఇవ్వవచ్చునంటూ కొన్ని షరతులు పెట్టింది. లౌకిక విద్య బాగా చెప్పాలి. స్థానికంగా బాధ్యత వహించే యాజమాన్యం ఉండాలి. ప్రభుత్వ ఇన్‌స్పెక్టరు తనిఖీకి ఒప్పుకోవాలి. ఎంత తక్కువైనా సరే, పిల్లల దగ్గర కొంత ఫీజు తీసుకోవాలి. తెలుగు జిల్లాల్లోని ఎయిడెడ్ బడులు ఆ దారిన పుట్టినవే. ఇవాళ ఏ గ్రాంటు ఫారం తీసినా ఆ పాత షరతులే కొత్త పేర్లతో కనిపిస్తాయి: యాజమాన్యం ఇప్పుడు పాఠశాల కమిటీ అయింది, తనిఖీ ఆడిట్ అయింది, ఫీజు స్థానంలో ప్రజల వాటా వచ్చింది.

దాని వెంటే వచ్చిన మరో పద్ధతిని ఎవరూ పెద్దగా తలుచుకోరు. పందొమ్మిదో శతాబ్ది ఉత్తరార్ధంలో మద్రాసు రాజధానిలో ఫలితాల గ్రాంటు నడిచింది. ఇన్‌స్పెక్టరు వచ్చి పిల్లల్ని పరీక్షిస్తాడు, ఎంతమంది నెగ్గితే బడికి అంత సొమ్ము. వినడానికి న్యాయంగానే ఉంటుంది. ఆచరణలో ఇన్‌స్పెక్టరు అడిగే ప్రశ్నలకు పిల్లల చేత బట్టీ పట్టించడం చదువైపోయింది. కూలీల పిల్లలు, చదువులో మొదటి తరం పిల్లలు ఉన్న బడి ఎప్పుడూ వెనకే ఉంటుంది కాబట్టి దానికి ఎప్పుడూ తక్కువే వస్తుంది. ఈ చరిత్రను గుర్తుంచుకోవాల్సింది గ్రాంటు అడిగేవాళ్లకంటే గ్రాంట్ల నిబంధనలు రాసేవాళ్లు.

నిబంధనలు రాసే చోట ఎవరు కూర్చోవాలో దుర్గాబాయి దేశ్‌ముఖ్ జీవితం చూస్తే తెలుస్తుంది. చిన్న వయసులోనే ఆడపిల్లలకు హిందీ బడి నడిపిన ఆమె 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభకు పునాది వేశారు. సభ బడులకు, వసతి గృహాలకు, ఆసుపత్రికి డబ్బు కావాలి. ఆ డబ్బు ఇంటింటికీ, సంస్థ సంస్థకూ తిరిగి తేవాలి. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడినప్పుడు ఆమే తొలి అధ్యక్షురాలయ్యారు. దేశమంతటా స్వచ్ఛంద సంస్థలకు గ్రాంట్లు ఇచ్చే బోర్డు అది. అడిగే వరుసలో నిలబడ్డ మనిషి ఇచ్చే కుర్చీలో కూర్చున్నారు. చిన్న సంస్థకు గుమస్తా ఉండడనీ, లెక్కలు రాసేది కూడా పాఠం చెప్పే మనిషేననీ ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇవాళ పోర్టళ్లలో పెట్టే నిబంధనలను ఒక్కసారైనా మండల కేంద్రంలోని నెట్ సెంటర్లో కూర్చుని నింపి చూసినవాళ్లు రాస్తే ఎంత బాగుంటుంది.

ఇక ఇప్పటి సంగతి. 2009 విద్యాహక్కు చట్టంలో 21వ సెక్షన్ పాఠశాల యాజమాన్య కమిటీ గురించి చెబుతుంది. సభ్యుల్లో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి, మొత్తం మీద సగం మంది మహిళలు కావాలి. 22వ సెక్షన్ ఆ కమిటీ పాఠశాల అభివృద్ధి ప్రణాళిక తయారుచేయాలంటుంది. అందులోని రెండో భాగం చాలామంది కంట పడదు: ప్రభుత్వం గానీ స్థానిక సంస్థ గానీ వేసే ప్రణాళికలకు, ఇచ్చే గ్రాంట్లకు ఈ ప్రణాళికే ప్రాతిపదిక కావాలని చట్టం చెప్పింది. అంటే అర్జీ రాసే హక్కు చట్టమే ఇచ్చింది. తెలంగాణలో 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి. మహిళా సంఘాల నాయకురాలు అధ్యక్షురాలిగా, ప్రధానోపాధ్యాయుడు (హెచ్‌ఎం) కన్వీనర్‌గా మరమ్మతుల పనులు వాటి చేతికి వెళ్లాయి. పేరు ఏదైనా, కూర్చుని బడికి ఏం కావాలో రాసుకునే గుంపు ఒకటి ప్రతి ఊళ్లో ఉండాలన్నది చట్టం ఉద్దేశం. చాలాచోట్ల ఆ ప్రణాళిక పై నుంచి వచ్చిన నమూనాలో ఖాళీలు నింపి సంతకాలు పెట్టించే కాగితంగా మిగిలింది. అక్కడే మొదటి అవకాశం జారిపోతోంది.

అడగకపోయినా వచ్చే గ్రాంటు ఒకటుంది. 2018లో మొదలైన సమగ్ర శిక్ష పిల్లల సంఖ్యను బట్టి ప్రతి సర్కారు బడికీ కాంపోజిట్ స్కూల్ గ్రాంటు ఇస్తుంది. కేంద్ర మార్గదర్శకాల ప్రకారం 30 మంది వరకు పిల్లలున్న బడికి ఏడాదికి 10 వేలు, 100 వరకు ఉంటే 25 వేలు, 250 వరకు 50 వేలు, వెయ్యి వరకు 75 వేలు, ఆపైన లక్ష. ఇందులో కనీసం పదో వంతు పారిశుధ్యానికి పెట్టాలి. కరెంటు బిల్లు, సుద్దముక్కలు, రిజిస్టర్లు, తాగునీరు, చిన్న మరమ్మతులు అన్నీ ఇందులోంచే. అంటే అతి చిన్న బడికి నెలకు 833 రూపాయలు వస్తాయి. ఒక ఫ్యాను చెడిపోయి, ఒక కుళాయి కారితే ఆ నెల గ్రాంటు అయిపోయినట్టే. పిల్లలు తగ్గితే గ్రాంటు తగ్గుతుంది, గ్రాంటు తగ్గితే బడి పాతబడుతుంది, పాతబడ్డ బడికి పిల్లలు ఇంకా తగ్గుతారు. తలల లెక్కన కాకుండా, బడి తలుపు తెరిచి ఉంచడానికి అయ్యే కనీస ఖర్చు ఎంతో లెక్కేసి ఇస్తేనే ఈ చుట్టు తెగుతుంది.

ఈ లెక్కలన్నిటికీ మూలం యూడైస్, అంటే బడుల వివరాలు ఏటా నమోదయ్యే వ్యవస్థ. ప్రతి బడికీ 11 అంకెల కోడ్ ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌వి 28తో, తెలంగాణవి 36తో మొదలవుతాయి. పిల్లలెందరు, గదులెన్ని, మరుగుదొడ్లెన్ని, వాటిలో పనిచేసేవెన్ని అని ఏటా ఆ ఫారం అడుగుతుంది. ఇక్కడ కాస్త ఆగి చూడాలి. ఒక బడిలో ఆడపిల్లల మరుగుదొడ్లు మూడున్నాయి. రెండింటికి నీళ్లు రావు, ఒకదానికి తలుపు లేదు. పైవాళ్లు ఏమంటారోనన్న భయంతోనో, పోయిన ఏడాది రాసిందే దించేసో, 'పనిచేసేవి' అన్న గడిలో 3 అని వేస్తారు. మరుసటి ఏడు మరుగుదొడ్ల మరమ్మతుకు నిధులు వస్తాయి. జాబితా యూడైస్ చూసి తయారవుతుంది. ఆ బడి పేరు అందులో ఉండదు, ఎందుకంటే కాగితం మీద ఆ బడికి ఏ లోటూ లేదు. పిల్లలు మాత్రం నీళ్లు తాగడం మానేసి సాయంత్రం దాకా ఓర్చుకుంటారు. ఆ ఒక్క గడిలో నిజం రాయడం ఏ గ్రాంటు అర్జీకైనా మొదటి వాక్యం. అది రాసిన హెచ్‌ఎంను నిలదీయకుండా ఉండడం పైఅధికారి బాధ్యత.

వచ్చిన సొమ్ము ఖర్చు పెట్టడం ఇంకో విద్య. ఇప్పుడు సమగ్ర శిక్ష డబ్బు బడి ఖాతాలో నిల్వ ఉండదు. రాష్ట్ర స్థాయి నుంచి బడికి ఇంత అని పరిమితి ఇస్తారు, పీఎఫ్‌ఎంఎస్ అనే ప్రభుత్వ చెల్లింపుల వ్యవస్థ ద్వారా దుకాణదారుకు నేరుగా చెల్లింపు వెళ్తుంది. పరిమితి ఆలస్యంగా వస్తుంది, మార్చి 31 మాత్రం ఆలస్యం కాదు. ఆ ఒత్తిడిలో బడికి అక్కర్లేనివి కొనేసే ప్రమాదం ఉంది. దీనికి విరుగుడు ముందే సిద్ధంగా ఉండడం. జూన్‌లోనే కమిటీ తీర్మానం చేసి, వరుస క్రమంలో పది అవసరాలు రాసి, మూడేసి కొటేషన్లు తెప్పించి ఫైల్లో పెట్టుకున్న బడి ఫిబ్రవరిలో డబ్బు వచ్చినా తొణకదు.

ఖర్చయ్యాక యూసీ, అంటే వినియోగ ధ్రువపత్రం. కేంద్ర ఆర్థిక నియమాల్లో దానికి 12-ఎ నమూనా ఉంది. మంజూరైంది ఎంత, ఖర్చయింది ఎంత, మిగిలింది ఎంత, వడ్డీ వస్తే ఎంత అన్నవే అందులో ముఖ్యం. దాని వెనక క్యాష్‌బుక్, బిల్లులు, స్టాక్ రిజిస్టరు ఒకదానితో ఒకటి అతకాలి. బల్ల కొన్న బిల్లు ఉంటే సరిపోదు, స్టాక్ రిజిస్టరులో ఆ బల్ల ఏ పేజీలో ఎక్కిందో బిల్లు మీద రాసి ఉండాలి. ఇది చాదస్తం కాదు. విడతలుగా వచ్చే ఏ గ్రాంటుకైనా మొదటి విడత లెక్క తేలకుండా రెండో విడత రాదు. హెచ్‌ఎం బదిలీ అయి వెళ్లిపోతూ యూసీ పంపకపోతే కొత్తగా వచ్చిన హెచ్‌ఎం పాత బిల్లుల కోసం తిరగాలి, ఈలోపు పిల్లలకు రావాల్సింది ఆగిపోతుంది. అందుకే లెక్కల ఫైలు నకలు ఒకటి కమిటీ దగ్గర కూడా ఉండాలి.

పోటీ మీద ఇచ్చే గ్రాంట్ల తీరు వేరు. నీతి ఆయోగ్ 2016లో మొదలుపెట్టిన అటల్ టింకరింగ్ ల్యాబ్ పథకం కింద ఎంపికైన బడికి 20 లక్షల దాకా వస్తుంది. ల్యాబ్ ఏర్పాటుకు 10 లక్షలు, ఐదేళ్ల వరకు నిర్వహణకు మరో 10 లక్షలు. ఆరు నుంచి పన్నెండో తరగతి వరకు పిల్లలు సెన్సర్లు, త్రీడీ ప్రింటర్లు, పనిముట్లు చేత్తో పట్టుకుని పనిచేస్తారు. దేశంలో ఇలాంటివి 10 వేలు వచ్చాయి. ఐదేళ్లలో ప్రభుత్వ పాఠశాలల్లో మరో 50 వేలు పెడతామని 2025 బడ్జెట్ ప్రకటించింది. మంచి పథకం, సందేహం లేదు. అయితే తొలి విడతల్లో 1,500 చదరపు అడుగుల గది ఉండాలన్నారు. అంత గది ఖాళీగా ఉన్న సర్కారు బడులు ఎన్ని? వరండాలో రెండు తరగతులు కూర్చునే బడి ఆ షరతు చదివి ఫారం మూసేస్తుంది. 2022లో ఆమోదం పొందిన పీఎంశ్రీ పథకంలో 14,500 బడుల కోసం ఐదేళ్లకు 27,360 కోట్లు కేటాయించారు. అక్కడా బడులు పోటీ పడాలి, యూడైస్ వివరాలే వడపోతకు ఆధారం, ఒక మండలానికి రెండు బడులకు మించవు. ఎంపికైన రెండూ మెరుస్తాయి. మిగిలిన ముప్పై బడుల పిల్లలు చేసిన తప్పు ఏమీ లేదు. పాత ఫలితాల గ్రాంటులోని దోషం ఇందులో పూర్తిగా పోలేదు. బాగున్నదాన్ని మరింత బాగు చేయడానికి పోటీ పనికొస్తుంది. కూలుతున్నదాన్ని నిలబెట్టడానికి పోటీ పనికిరాదు.

చిన్న బడికి నిజంగా అందుబాటులో ఉన్న పోటీ ఇన్‌స్పైర్ మానక్. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ, నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ కలిసి నడిపే ఈ పథకంలో ఎంపికైన ఆలోచనకు 10 వేల రూపాయలు నేరుగా విద్యార్థి ఖాతాలో పడతాయి. దానికి గది అక్కర్లేదు, ఇంటర్నెట్ ఉన్న ఒక్క పూట చాలు. కావాల్సింది పిల్లల ఆలోచన, దాన్ని పిల్లల మాటల్లోనే రాయించగల టీచరు. తెలంగాణలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల బాలిక ప్లాస్టిక్ కవర్లకు బదులు వేరుశనగ పొట్టుతో మొక్కల కుండీలు చేసిన సంగతి పత్రికలు చదివేవాళ్లకు తెలుసు. వేరుశనగ పండే నేలలో పుట్టిన ఆలోచన అది. ఇంటర్నెట్‌లోంచి దించిన రోబో బొమ్మకంటే ఇలాంటిదే న్యాయనిర్ణేత కంట పడుతుంది.

కంపెనీల సొమ్ము సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే దాని చుట్టూ అపోహలు ఎక్కువ. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 500 కోట్ల నికర విలువ గానీ, వెయ్యి కోట్ల టర్నోవర్ గానీ, 5 కోట్ల నికర లాభం గానీ ఉన్న కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు పెట్టాలి. చట్టం ఏడో షెడ్యూల్లో విద్య ఉంది. తన చుట్టుపక్కల ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా చట్టం చెబుతోంది. కాబట్టి ఊరి పక్కన సిమెంటు ఫ్యాక్టరీయో, మందుల కంపెనీయో, విద్యుత్ కేంద్రమో ఉన్న బడి ముందుగా అటే చూడాలి. కంపెనీ తన సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) విధానాన్ని వెబ్‌సైట్‌లో పెట్టాలి, అందులో విద్యకు ఏం చేస్తోందో ఉంటుంది. ప్రైవేటు ట్రస్టు ద్వారా పని చేయించాలంటే ఆ ట్రస్టు సీఎస్ఆర్-1 ఫారంతో నమోదై ఉండాలి, 2021 నుంచి ఇది తప్పనిసరి. ఆర్థిక సంవత్సరానికి కంపెనీ బోర్డు పని ప్రణాళిక ఆమోదిస్తుంది కాబట్టి జనవరి, ఫిబ్రవరిలో చేరిన అర్జీకి ఉన్న అవకాశం ఆగస్టులో చేరిన అర్జీకి ఉండదు.

కంపెనీలకు ఫొటోకు నిలిచే వస్తువులంటే ఇష్టం. నీటి ఫిల్టర్ ప్లాంటు, డిజిటల్ బోర్డు, రంగులు వేసిన గోడ. ప్లాంటు వచ్చిన ఏడాదికి ఫిల్టర్లు మార్చాలి, ఆ ఖర్చు ఎవరిదో అర్జీలో లేకపోతే రెండో ఏడు అది మూలన పడుతుంది. బడివాళ్లు మొహమాటం లేకుండా మూడేళ్ల నిర్వహణ కూడా అడగాలి. మొదలైన ఏడాది కాక మరో మూడేళ్ల వరకు సాగే కొనసాగింపు ప్రాజెక్టును సీఎస్ఆర్ నియమాలే అనుమతిస్తున్నాయి. ఆ సంగతి చెప్పి అడిగితే కాదనడానికి కంపెనీకి కారణం ఉండదు.

గనులున్న జిల్లాల్లో ఇంకో తలుపు ఉంది, దాన్ని తట్టే బడులు తక్కువ. 2015లో ఖనిజ చట్టాన్ని సవరించి జిల్లా ఖనిజ నిధి ఏర్పాటు చేశారు. గని యజమాని కట్టే రాయల్టీ మీద మరికొంత శాతం ఆ నిధికి చేరుతుంది. తవ్వకం వల్ల దెబ్బతిన్న ఊళ్ల కోసం దాన్ని ఖర్చు చేయాలి, ప్రాధాన్య రంగాల్లో విద్య ఒకటి. కొత్తగూడెం, భూపాలపల్లి బొగ్గు, మంగంపేట ముగ్గురాయి, చీమకుర్తి గ్రానైట్ చుట్టూ ఉన్న ఊళ్ల పిల్లలు దుమ్ము పీలుస్తూ చదువుతున్నారు. ఆ నిధి వాళ్లకు దానం కాదు, బాకీ. గ్రామసభ తీర్మానంతో జిల్లా కలెక్టరేట్‌కు వెళ్లిన అర్జీకి బలం వస్తుంది. ఎంపీకి ఏడాదికి 5 కోట్ల స్థానిక అభివృద్ధి నిధి ఉంటుంది. అందులోంచి తరగతి గదులు, ప్రహరీలు అడగవచ్చు. దాని పద్ధతి అందరికీ తెలిసిందే.

విదేశాల్లోని పూర్వ విద్యార్థుల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న కుర్రాడు ఊరి బడికి డబ్బు పంపుతానంటాడు. భారత పాస్‌పోర్టు ఉన్నంతవరకు, సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న మరునాటి నుంచి అదే మనిషి పంపే అదే డబ్బు విదేశీ విరాళం అవుతుంది. అప్పుడు తీసుకునే ట్రస్టుకు విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద నమోదో ముందస్తు అనుమతో ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ సొమ్ము ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖ ఖాతాలోకే రావాలి, అక్కడి నుంచి మరో సంస్థకు బదిలీ చేయకూడదు. ప్రేమతో పంపిన డబ్బు ఊళ్లో పూర్వ విద్యార్థుల సంఘాన్ని చిక్కుల్లో పెట్టకూడదంటే ఒక్క ప్రశ్న ముందే అడగాలి: బాబూ, నీది ఏ పాస్‌పోర్టు?

ఇక అర్జీ రాత. ఎక్కువ అర్జీలు 'మా పాఠశాల వెనుకబడిన ప్రాంతంలో ఉన్నది, విద్యార్థులు నిరుపేదలు, కావున దయతో గ్రంథాలయం మంజూరు చేయగలరని ప్రార్థన' అన్న ధోరణిలో ఉంటాయి. చదివే అధికారికి ఆ బడికీ పక్క ఊరి బడికీ తేడా తెలియదు. ఒక ఊహా బడిని తీసుకుని అదే సంగతి ఇలా రాయవచ్చు. ఆరు నుంచి పది వరకు 184 మంది పిల్లలు, అందులో 97 మంది ఆడపిల్లలు. బీరువాలో 312 పుస్తకాలున్నాయి, పోయిన ఏడాది పిల్లలు ఇంటికి తీసుకెళ్లినవి 40 మాత్రమే, ఇష్యూ రిజిస్టరు నకలు జతచేశాం. కారణం, పుస్తకాలు సగం పోటీ పరీక్షల గైడ్లు, పైగా బీరువాకు తాళం. కావాల్సింది పిల్లలు చదవగల తెలుగు కథల పుస్తకాలు 400, సగటున 80 రూపాయల చొప్పున 32 వేలు. తెరిచి ఉండే ర్యాకులు రెండు, ఒక్కోటి 7,500 చొప్పున 15 వేలు. అట్టలు, రిజిస్టర్లకు 3 వేలు. మొత్తం 50 వేలు. తెలుగు టీచరు, తొమ్మిదో తరగతి పిల్లలు ఇద్దరు బాధ్యులు. మార్చి నాటికి ఒక్కో పిల్లవాడు పది పుస్తకాలు తీసుకెళ్లినట్టు రిజిస్టరు చూపిస్తాం. చిరిగినవాటి స్థానంలో కొత్తవి మరుసటి ఏడు నుంచి లైబ్రరీ గ్రాంటులో కొంటాం.

ఇందులో అలంకారాలు లేవు, దీనత్వం లేదు. లోటు ఉంది, దాని కారణం ఉంది, రూపాయల లెక్క ఉంది, తర్వాత ఎవరు చూసుకుంటారో ఉంది. ఇలాంటి అర్జీ తెలుగులో అర పేజీ పడుతుంది. దీన్ని కాదనడం కష్టం.

అర్జీతో పాటు పంపే ఫొటోల గురించి ఒక మాట. చిరిగిన చొక్కా వేసుకున్న పిల్లను ముందు నిలబెట్టి ఫొటో తీసి పంపే అలవాటు పెరిగింది. ఆ పిల్ల రేపు పెద్దదవుతుంది, ఆ ఫొటో ఎక్కడో వార్షిక నివేదికలో మిగిలే ఉంటుంది. కారుతున్న పైకప్పును ఫొటో తీయాలి, తలుపు లేని మరుగుదొడ్డిని తీయాలి, ఖాళీ ర్యాకును తీయాలి. పిల్లల పేదరికాన్ని ప్రదర్శనకు పెట్టి తెచ్చిన గ్రాంటు ఎంత పెద్దదైనా ఆ బడి పిల్లలను తలెత్తుకోనివ్వదు.

గ్రాంటుతో తీరనిది ఒకటుంది, దాన్ని దాచకూడదు. గణితం టీచరు లేని బడికి ఏ కంపెనీ డిజిటల్ బోర్డు ఇచ్చినా గణితం రాదు. ఖాళీ పోస్టులు నింపడం, జీతాలు ఇవ్వడం, పైకప్పు కూలకుండా చూడడం ప్రభుత్వం చేయాల్సిన పని. దాతలు వచ్చారు కదా అని ఆ పద్దు తగ్గించడానికి వీల్లేదు. 2019లో మొదలైన ఆంధ్రప్రదేశ్ నాడు-నేడు, 2022లో మొదలైన తెలంగాణ మన ఊరు-మన బడి పథకాలు పెద్ద ఎత్తున భవనాల మీద డబ్బు పెట్టాయి. ఆ పనుల్లో మిగిలిపోయినవాటిని పూర్తి చేయడం ఏ దాత పనీ కాదు. బడి పిల్లలకు లోకాన్ని కాస్త పెద్దది చేసే పనులకు, కథల పుస్తకాలకు, ప్రయోగాలకు, ఆటలకు, విహారానికి గ్రాంటు కోరాలి.

మరి అర్జీ రాయలేని బడికి ఎవరు రాస్తారు? మండలానికి ఒక మనిషి కావాలి. మండల విద్యాధికారి (ఎంఈఓ) కార్యాలయంలో గానీ స్కూల్ కాంప్లెక్స్‌లో గానీ కూర్చుని, ఏకోపాధ్యాయ పాఠశాలల తరఫున లోట్లు రాసి, కొటేషన్లు తెచ్చి, యూసీలు చూసి పంపడమే అతని పని. కొత్త పోస్టు మంజూరయ్యేదాకా ఆగక్కర్లేదు. రిటైరైన హెచ్‌ఎంలు ప్రతి మండలంలోనూ ఉన్నారు, క్యాష్‌బుక్ రాయడంలో వాళ్లకు మించినవాళ్లు లేరు. డిగ్రీ కాలేజీ విద్యార్థులు పోర్టల్ పని చేయగలరు. వీళ్లను నెలకు రెండు శనివారాలు ఒక చోట కూర్చోబెడితే పది చిన్న బడుల కాగితం పని తేలుతుంది. ఇచ్చే సంస్థలు కూడా 50 మంది లోపు పిల్లలున్న బడులకు పోటీ లేకుండా, తెలుగులో రెండు పేజీల ఫారంతో, కొంత భాగం విడిగా పక్కన పెట్టాలి.

విద్యాహక్కు నమూనా నియమాలు పాఠశాల అభివృద్ధి ప్రణాళికను మూడేళ్లకు వేయాలనీ, ఆర్థిక సంవత్సరం ముగియడానికి కనీసం మూడు నెలల ముందే తయారు చేయాలనీ చెబుతున్నాయి. అంటే డిసెంబరు నెలాఖరు. ఈసారి ఆ కాగితాన్ని నమూనాలో ఖాళీలు నింపి వదిలేయకుండా, తల్లులను కూర్చోబెట్టి, బడి అంతా ఒకసారి నడిచి చూసి, పనిచేయని కుళాయిని పనిచేయదనే రాసి, పక్కన అంచనా వేసి, తీర్మానం చేయాలి. ఒక నకలు ఎంఈఓకు, ఒకటి పంచాయతీకి, ఒకటి కలెక్టరేట్‌లో ఖనిజ నిధి చూసే విభాగానికి, ఒకటి దగ్గర్లోని కంపెనీకి జనవరిలోగా చేరాలి.